ఆటోలో అమ్మే జోరీగల మందు కొనొద్దు, గుర్రాలున్నోళ్ళు అసలే వద్దు

అన్నలారా, గొడ్లున్నోళ్ళు ఇది పూర్తిగా చదవండి. మాది నెల్లూరు జిల్లా సంగం దగ్గర, పెన్న పక్కన. వానలు పడినాక మా పక్క జోరీగలు ఎట్టుంటాయో చెప్పబల్లేదు, బర్రెని మేతకి ఇడిస్తే గడ్డి కొరికేదానికన్నా తోక ఆడించేది, కాలు నేలకేసి కొట్టేదే ఎక్కువ, పొట్ట కింద కుట్టిన చోటల్లా నెత్తురు కారతా ఉంటది. పాలు పూటకి లీటరు దాకా తగ్గినాయి.

ఆ టైములో ఆటోకి మైకు కట్టుకుని ఒకతను వచ్చినాడు. జోరీగ, దోమ, గోమారు ఏదైనా ఒక్క దెబ్బకి పోద్ది, ఆవులకి బర్రెలకి గుర్రాలకి అన్నిటికీ ఇదేనని. సీసా 450 రూపాయలు. పైన ఈగ బొమ్మతో కొత్త స్టిక్కరు, మందు పేరు ఎక్కడా లేదు. అక్కడే అడగాల్సింది, అడగలా. లీటరు నీళ్ళకి 10 మిల్లీలు కలిపి ఒళ్ళంతా తుడవమంటే తుడిచినా.

ఈగలు ఎక్కడియక్కడే ఉండాయి. సాయంత్రానికి మూడు బర్రెలూ తల వేలాడేసుకుని నెమరు కూడా వెయ్యకుండా మగతగా నిలబడిపోయినాయి, నాకు కాళ్ళూ చేతులూ ఆడలా. పశువుల అంబులెన్సు నంబరు 1962కి ఫోన్ కొడితే బండి వచ్చింది. డాక్టరు గారు ఆ స్టిక్కరు గోరుతో గీకితే కింద అసలు లేబుల్ బయటపడింది, అమిట్రాజ్ 12.5 శాతం. అది గోమార్లకి, పేలకి, గజ్జికి వాడే మందంట, జోరీగకి కాదు. అది కూడా లీటరుకి 2 మిల్లీలే కలపాలంట, నేను ఐదింతలు పూసినా. వెంటనే ఒళ్ళు కడిగించి, దగ్గరుండి చూసుకున్నారు, రెండోరోజుకి తేరుకున్నాయి.

నన్ను ఒణికించింది మాత్రం ఇంకోటి. మా ఊర్లో పెళ్ళి ఊరేగింపులకి గుర్రం తోలే ఆయన నాకు పెదనాయన వరస, "అబ్బయా, మిగిలింది నాకియ్యరా, దాన్ని ఈగలు పీక్కు తింటన్నాయి" అని ఆ పొద్దున్నే అడిగితే రేపిస్తాలే అన్నా. గుర్రానికి అమిట్రాజ్ పూస్తే పేగులు కదలకుండా ఆగిపోయి, మేత లోపలే గట్టిపడి, కడుపునొప్పితో ప్రాణం మీదికొస్తదంట. ఒక్క రోజు ముందు ఇచ్చుంటే ఆ ఇంటికి అన్నం పెట్టే గుర్రం పోయేది.

జోరీగని తక్కువ చెయ్యొద్దు. నెత్తురు తాగేది ఆడదే, సగంలో తోకతో కొడితే లేచి ఆ నెత్తురు మూతితోనే పక్కదాని మీద వాలుద్ది, నెత్తురులో సూక్ష్మజీవి చేరి వచ్చే సర్రా జబ్బు అట్నే అంటుకుంటది. గుడ్లు పెట్టేది నీళ్ళ ఒడ్డు గడ్డి మీద, పురుగు పెరిగేది బురదలో, అందుకని ఒంటికి ఏది పూసినా మొత్తం పోతాయని ఎవరన్నా చెప్తే నమ్మొద్దు. మాకు డాక్టరు గారు డెల్టామెత్రిన్ అనే ఈగల మందు రాసిచ్చినారు, ఎంత కలపాలో ఆయనే చెప్పినారు. రొయ్యల గుంటలున్నోళ్ళు ఆ మందు కలిపిన నీళ్ళు కాలవలో పొయ్యొద్దు, రొయ్యకి అది విషం. ఎండలో ఈగ ఎక్కువ కాబట్టి ఇప్పుడు తెల్లారుజామునే మేపుకొచ్చి మధ్యాహ్నం కొట్టంలో కట్టి వేపాకు పొగ పెడతన్నాం, కొంచెం నయం.

సీసా మీద స్టిక్కరు మీద స్టిక్కరు ఉంటే గీకి చూడండి, మందు పేరు కనపడకపోతే డబ్బులియ్యొద్దు. ఆ ఆటో ఇప్పుడు కలిగిరి పక్క తిరగతా ఉందంట, అక్కడ మనోళ్ళుంటే ఈరోజే ఫోన్ చేసి చెప్పండి.