మాకు ఇల్లు కొనిపెట్టిన ఏజెంటు సేవపై నా అభిప్రాయం

ఇల్లు కొనేటప్పుడు ఏజెంటులో నేను మొదట చూసేది, తాను ఎవరి పక్షాన పనిచేస్తున్నదీ, కమీషన్ ఎవరి నుంచి ఎంత తీసుకునేదీ అడగకముందే చెబుతారా లేదా అన్నది. మాకు ఇళ్లు చూపిన ఏజెంటు ఆ రెండు విషయాలనూ తొలి సమావేశంలోనే కాగితంపై రాసి ఇచ్చారు; అమ్మకందారు నుంచి కూడా కమీషన్ తీసుకోవలసి వస్తే ముందుగా మా అనుమతి కోరతానని అందులోనే చేర్చారు.

మాకు బాగా నచ్చిన ఒక ఇంట్లో ఆయన పడకగది బీరువాను పక్కకు జరిపించి, కొత్త రంగు కింద పొక్కిన గోడను చూపి, పైనున్న స్నానాలగది నుంచి నీరు దిగుతోందేమో ఇంజినీరుతో పరీక్ష చేయించనిదే బయానా ఇవ్వవద్దని గట్టిగా చెప్పారు. బేరం కుదిరితేనే కమీషన్ దక్కే మనిషి ఆ మాట చెప్పడం మామూలు విషయం కాదు. ఇల్లు చూసిన రోజే అడ్వాన్సు కోసం తొందరపెట్టే ఏజెంట్లే ఎక్కువ. దస్తావేజుల విషయంలోనూ ఆయన తన మాటే నమ్మమనలేదు. యాజమాన్య హక్కు, తనఖా బాకీల వివరాలను మేము ఎంచుకున్న న్యాయవాదికే చూపించుకోమన్నారు.

ఫోనుకు మాత్రం వెంటనే దొరకరు. సందేశం పంపితే ఆ సాయంత్రానికల్లా జవాబు వచ్చేది కనుక, ప్రశ్నలన్నీ రాసి పంపడమే మేలు.