కర్నూలులో ఫ్రిజ్ రిపేరుకు పిలిచేవాళ్లు జాగ్రత్త: లేని గ్యాస్ సమస్యకు 3,800 గుంజారు

కంపెనీ సర్వీస్ సెంటర్ అని చెప్పుకుని ఒకతను ఇంటికొచ్చాడు. గ్యాస్ అయిపోయిందని 3,800 తీసుకున్నాడు. కొన్నాళ్లకే కంప్రెసర్ మార్చాలంటూ ఇంకో తొమ్మిది వేలు అడిగాడు. తీరా చూస్తే మా ఫ్రిజ్‌లో గ్యాస్ ఎక్కడికీ పోలేదు. ఎండాకాలంలో ఇలాంటివాళ్లకు చేతినిండా పని కాబట్టి వివరంగా రాస్తున్నా.

మాది డబల్ డోర్ ఫ్రాస్ట్ ఫ్రీ. మే నెలలో మోటారు, అదే కంప్రెసర్, ఆగడమే మానేసింది. అర్ధరాత్రి నీళ్లకు లేచినా అదే రొద. పైన ఫ్రీజర్‌లో ఐస్ బాగానే గడ్డ కడుతోంది, కింది అరల్లో పెట్టిన పెరుగు మాత్రం పొద్దున పెడితే సాయంత్రానికి పులిసిపోతోంది. మన ఊరి ఎండకు ఫ్రిజ్ ఎక్కువసేపు తిరగడం మామూలే. అవసరాన్ని బట్టి స్పీడు మార్చుకునే ఇన్వర్టర్ కంప్రెసర్ ఉన్నవైతే చిన్న స్పీడులో దాదాపు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి, దానికి టెన్షన్ పడక్కర్లేదు. కానీ ఆగకుండా తిరుగుతూ కింద చల్లబడకపోతే ఎక్కడో తేడా ఉన్నట్టే.

ఇంటర్నెట్‌లో కంపెనీ పేరు, కర్నూలు అని కొడితే అన్నిటికన్నా పైన ఒక సెల్ నంబర్ వచ్చింది. ఫోన్ చేసి కంపెనీ వాళ్లేనా అని అడిగితే "ఆథరైజ్డ్ మేడం" అన్నారు. వచ్చిన అబ్బాయి పక్క గోడల మీద చెయ్యి పెట్టి, "చూడక్కా, ఎట్ల కాలుతోందో. గ్యాస్ ఖాళీ, అందుకే కంప్రెసర్ మీద లోడ్ పడుతోంది" అన్నాడు. ఇప్పుడొచ్చే చాలా ఫ్రిజ్‌లకు వేడిని బయటికి పంపే పైపులు ఆ పక్క గోడల్లోనే ఉంటాయి. అవి వేడెక్కకపోతేనే అనుమానించాలి. ఫ్రీజర్ లోపల ఒక్క స్క్రూ కూడా విప్పి చూడలేదు. ట్రాలీ ఆటోలో షాపుకు తీసుకెళ్లి మర్నాడు సాయంత్రం తెచ్చి దింపారు.

బాగా పనిచేసింది! మోటారు ఆగి ఆగి తిరిగింది, పాలు చల్లగా ఉన్నాయి. కొన్ని రోజులకు మళ్లీ అదే కథ. ఫోన్ చేస్తే, చూడకుండానే కంప్రెసర్ పోయిందన్నాడు.

అప్పుడు వన్‌టౌన్ వైపు పాత ఫ్రిజ్‌లు బాగుచేసే ఒక భాయ్‌ని పిలిచాం. ఆయన ఐస్ ట్రే చేతిలోకి తీసుకుని "గ్యాస్ పోతే ఇది ఎట్ల గడ్డ కడ్తదమ్మా?" అన్నాడు. ఫ్రీజర్‌లో వెనక ఉండే ప్లాస్టిక్ పలక విప్పాడు. లోపల చల్లదనాన్నిచ్చే పైపుల చుట్ట, అదే కాయిల్, కనబడలేదు, దాని మీద మందంగా మంచు పేరుకుపోయి ఉంది. ఫ్రాస్ట్ ఫ్రీలో కొన్ని గంటలకోసారి చిన్న హీటర్ వెలిగి ఆ మంచును కరిగించాలి. మీటర్ పెట్టి చూస్తే హీటర్‌లో కరెంటు పారడం లేదు. మంచు పేరుకుని గాలి దారి మూసుకుపోవడంతో చల్లదనం కింది అరలకు రావడం లేదు. కింద చల్లబడలేదు కాబట్టి కంప్రెసర్ ఆగడం లేదు. హీటర్, కూలీ కలిపి 1,400 అయింది.

మరి గ్యాస్ ఎక్కించాక ఎందుకు బాగైంది? అక్కడే ఉంది అసలు కిటుకు. షాపులో ఆపేసి ఉంచినన్నాళ్లూ మంచు దానంతటదే కరిగిపోయింది. మళ్లీ పేరుకునేదాకా బాగానే నడిచింది. మనమేమో గ్యాస్ వల్లే అనుకుంటాం, వాళ్లకూ కావాల్సింది అదే.

ఇది మీరే చూసుకోవచ్చు. సామాన్లు తీసేసి, ప్లగ్ పీకేసి, రెండు తలుపులూ తెరిచి ఒక రోజు వదిలేయండి. కింద పాత గుడ్డలు పరవండి, నీళ్లు కారతాయి. తర్వాత ఆన్ చేస్తే కొన్ని రోజులు బాగా పనిచేసి మళ్లీ మొదటికొస్తే ఆ మంచు కరిగించే హీటర్, దాన్ని నడిపే సెన్సర్, టైమర్ చూడమనండి. గ్యాస్ నిజంగా లీకైతే మాత్రం సాధారణంగా ఫ్రీజర్‌లో కూడా ఐస్ సరిగ్గా కట్టదు. ఇంకో మాట, ఫ్రిజ్‌లో గ్యాస్ వంట సిలిండర్‌లో లాగా వాడితే అయిపోయేది కాదు. పైపుల్లోనే తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో చిల్లు ఉండాలి. ఆ చిల్లు ఎక్కడో చూపించకుండా గ్యాస్ నింపుతానంటే ఒప్పుకోకండి. కొత్త ఫ్రిజ్‌ల్లో చాలావాటిలో ఉండే ఆర్-600ఎ మండే గ్యాస్, పైగా గ్రాముల లెక్కన తూచి ఎక్కించాల్సింది. తూకం మిషన్ లేకుండా వచ్చినవాడిని ముట్టుకోనివ్వొద్దు.

సింగిల్ డోర్ వాళ్లు ముందుగా తలుపు రబ్బరు చూసుకోండి. పది రూపాయల నోటు పెట్టి తలుపు మూసి లాగితే సులువుగా వచ్చేస్తే రబ్బరు వదులైనట్టే. ఫ్రిజ్‌ను కడప బండల అరలో గోడకు ఆనించి ఇరికించినా గాలి ఆడక ఆగకుండా తిరుగుతుంది.

సర్వీస్ నంబర్ వారంటీ కార్డు మీదిదే వాడండి. ఆ కార్డు తీసి చూస్తే మా కంప్రెసర్‌కి 10 ఏళ్ల వారంటీ ఉంది. నిజంగా కంపెనీ మనిషైతే తొమ్మిది వేలు అడిగే ముందు కార్డు అడిగేవాడు. బయటివాళ్లు పైపు కోసి గ్యాస్ ఎక్కించారంటే, వారంటీ చెల్లదనడానికి కంపెనీకి మనమే సాకు ఇచ్చినట్టవుతుంది.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్ల లోపు వెళ్లొచ్చు, 5 లక్షల లోపు వాటికి ఫీజు కూడా లేదు. కానీ కేసు వేయాలంటే ఎదుటివాళ్ల పేరు, అడ్రస్ రాయాలి. నాకిచ్చింది జీఎస్టీ నంబర్ గానీ, షాపు పేరు గానీ లేని తెల్ల చీటీ. దాని మీద "గ్యాస్ ఛార్జింగ్ 3,800" అని, కింద ఇప్పుడు ఎత్తని ఒక సెల్ నంబర్. అందుకే అడ్రస్‌తో ఉన్న బిల్లు చేతిలో పడేదాకా ఫ్రిజ్‌ను గడప దాటనివ్వకండి.