కాథలిక్ యూనివర్సిటీ సీటుకు ‘చర్చి సిఫార్సు’ పేరిట డబ్బు అడిగితే ఇవ్వకండి

పిల్లలను అమెరికాకు ఎం.ఎస్. చదువుకు పంపే ప్రయత్నంలో ఉన్న విశాఖ తల్లిదండ్రులందరూ ఇది చదవాలని కోరుతున్నాను. ద్వారకానగర్‌లో మమ్మల్ని మోసం చేసిన విదేశీ చదువుల కన్సల్టెన్సీ పేరు ఇక్కడ రాయడం లేదు. అక్కడ ఫైలు పెట్టినవారికి ఎవరి గురించి చెబుతున్నానో చదవగానే తెలిసిపోతుంది. మా అమ్మాయి వారి ద్వారా సెయింట్ లూయిస్ యూనివర్సిటీకి దరఖాస్తు చేసింది. అది కాథలిక్ సంస్థ కనుక క్రైస్తవులు కానివారికి సీటు రావాలంటే చర్చి పెద్దల సిఫార్సు లేఖ ఉండి తీరాలని, ఆ లేఖ తామే తెప్పిస్తామని చెప్పి మా దగ్గర రూ.1,20,000 కట్టించుకున్నారు. రసీదులో మాత్రం ‘సర్వీస్ ఛార్జీ’ అని రాశారు.

అటువంటి నియమం ఆ యూనివర్సిటీలో లేనే లేదు. మిస్సోరి రాష్ట్రంలో 1818లో మొదలైన ఈ ప్రైవేటు విద్యాసంస్థను జెస్యూట్ (కాథలిక్ చర్చిలోని ఒక మతగురువుల సంఘం) సంప్రదాయంలో నడుపుతున్నారు. మిసిసిపి నదికి పడమటి వైపున ఉన్న విశ్వవిద్యాలయాలన్నింటిలోకీ ఇదే పాతది. పాలకమండలిలో మతగురువులు కానివారికే మెజారిటీ ఉండాలని 1967లోనే నిర్ణయించుకున్న సంస్థకు మన ఊరి చర్చి నుంచి ఉత్తరం ఎందుకు? ఎం.ఎస్. దరఖాస్తుకు సిఫార్సు లేఖలు కావాలన్న మాట నిజమే. అయితే అవి విద్యార్థికి పాఠం చెప్పిన ప్రొఫెసర్లు రాసేవి. ఆ ఒక్క నిజాన్ని అడ్డం పెట్టుకునే వీళ్లు మనల్ని నమ్మిస్తున్నారు. మతబోధన తరగతుల పేరు చెప్పి కూడా భయపెడతారు. అక్కడ డిగ్రీ విద్యార్థులకు తత్త్వశాస్త్రం, థియాలజీ పాఠాలు ఉంటాయి కానీ, మా అమ్మాయి చేరబోయే కంప్యూటర్ సైన్స్ ఎం.ఎస్.కు వాటితో సంబంధం లేదు.

నాకు మరీ బాధ కలిగించిన విషయం ఇంకొకటి ఉంది. 1944 ఫిబ్రవరిలో ఆ క్యాంపస్ చర్చిలోనే ఫాదర్ క్లాడ్ హైట్‌హాస్ అనే జెస్యూట్ జాతి వివక్షను ఖండిస్తూ ప్రసంగించారు. ఒకప్పుడు బానిసత్వం అమలులో ఉన్న ఆ రాష్ట్రంలో, అదే ఏడాది వేసవిలో ఆ యూనివర్సిటీ నల్లజాతి విద్యార్థులను చేర్చుకుంది. అంతటి చరిత్ర ఉన్న చోట మతం చూసి సీటు ఇస్తారని మా అమ్మాయికి నూరిపోశారు. జ్ఞానాపురంలో 1958 నుంచి నడుస్తున్న సెయింట్ జోసెఫ్స్ మహిళా కళాశాలలో అన్ని మతాల పిల్లలూ చదువుకోవడం ఈ ఊరివాళ్లం కళ్లారా చూస్తూనే ఉన్నాం. అలాంటి ఊళ్లో కూర్చుని ఈ అబద్ధం చెప్పగలిగారంటే ఎంత తెగింపు!

అసలు మోసం దరఖాస్తు కోసం వాళ్లే తెరిచిన ఈ-మెయిల్ ఖాతాలో ఉంది. పాస్‌వర్డ్ వారి దగ్గరే ఉండేది. మా అమ్మాయి పట్టుబట్టి అడిగాక ఎట్టకేలకు ఇచ్చారు. అందులో అడ్మిషన్ లెటర్ కనిపించింది. స్కాలర్‌షిప్ మంజూరైన సంగతి కూడా ఆ లేఖలోనే ఉంది. దాని మీద ఉన్న తేదీ, మేము డబ్బు కట్టిన తేదీ కంటే ముందుది. అంటే వచ్చేసిన సీటును చూపించకుండా దాచిపెట్టి, అది రావాలంటే డబ్బు కట్టాలని మమ్మల్ని అడిగారన్నమాట.

ఆ లేఖను, రసీదును పక్కపక్కన టేబుల్ మీద పెట్టి అడిగాము. మేనేజరు లేఖ వంక చూడనైనా చూడలేదు. మేము సంతకం చేసిన ఒప్పంద పత్రం తెచ్చి, చివరి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న ‘చెల్లించిన మొత్తం వాపసు ఇవ్వబడదు’ అన్న వాక్యం మీద పెన్నుతో రెండు గీతలు గీశాడు. తరువాత, వెనుక కుర్చీల్లో మరికొందరు తల్లిదండ్రులు కూర్చుని వింటుండగా, “పిల్లను అమెరికా పంపేవాళ్లు లక్ష రూపాయలకు ఇంత గొడవ చేస్తారా అంకుల్? వీసా ఇంటర్వ్యూ ఇంకా కాలేదు. సర్టిఫికెట్లన్నీ మా దగ్గరే ఉన్నాయి, చూసుకోండి” అన్నాడు. నా కూతురి ఒరిజినల్ సర్టిఫికెట్లను చేతిలో పెట్టుకుని నన్ను బెదిరించిన ఆ మాటను నేను క్షమించలేను. “నాన్నా, ముందు సర్టిఫికెట్లు తీసుకుందాం” అని మా అమ్మాయి నా చెయ్యి పట్టుకోకపోతే ఆ రోజు అక్కడ ఏం జరిగేదో చెప్పలేను. సర్టిఫికెట్లు చేతికి వచ్చాయి, డబ్బు రాలేదు.

కొత్తగా దరఖాస్తు చేసేవారు ఈ-మెయిల్ ఖాతా, పాస్‌వర్డ్ విద్యార్థి చేతిలోనే ఉంచుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ ఇవ్వకండి. ఏ రుసుము గురించి సందేహం వచ్చినా యూనివర్సిటీ అడ్మిషన్ల కార్యాలయానికే నేరుగా రాసి అడగండి. విద్యార్థి వీసాకు కావలసిన ఐ-20 పత్రాన్ని యూనివర్సిటీయే జారీ చేస్తుంది. విదేశీ విద్యార్థుల వివరాల నమోదు కోసం కట్టే 350 డాలర్ల సెవిస్ ఫీజును అమెరికా ప్రభుత్వ వెబ్‌సైటులో మీరే కట్టుకోవచ్చు.

మేము 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేశాము, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి కాగితాలు సిద్ధం చేస్తున్నాము. ఇదే కార్యాలయంలో ‘చర్చి సిఫార్సు’ కోసం డబ్బు కట్టి, ‘సర్వీస్ ఛార్జీ’ రసీదు తీసుకున్నవారు ఎవరైనా ఉంటే ఆ రసీదును, అడ్మిషన్ లెటర్‌ను పారేయకుండా భద్రంగా ఉంచి నాకు తెలియజేయండి. అందరం కలిసి వెళితే వాళ్లు మన మాట తోసిపుచ్చలేరు.