బస్టర్ కీటన్ డిస్కుల పెట్టె: బొమ్మకు వంక లేదు, సంగీతమే భరించలేము

మూకీల కాలపు నటుడు, దర్శకుడు బస్టర్ కీటన్ సినిమాలు మూడింటిని ఒకే పెట్టెలో పెట్టి అమ్ముతుంటే పోయిన నెల తెప్పించుకున్నాను. ‘షెర్లాక్ జూనియర్’ (1924), ‘ది జనరల్’ (1926), ‘స్టీమ్‌బోట్ బిల్ జూనియర్’ (1928) అనే ఈ మూడూ యూట్యూబ్‌లో అరిగిపోయిన ప్రింట్లతో ఊరికే దొరుకుతుండగా, వాటికి రెండు వేల పైచిలుకు పోయడం అవసరమా అని ఇంట్లో అడిగారు. చివరి సినిమాలోని తుపాను ఘట్టం వేసి చూపించాక ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ ఘట్టంలో ఇంటి ముందుగోడ మొత్తం ఒక్కసారిగా కీటన్ మీదికి ఒరిగి పడుతుంది. పైఅంతస్తు కిటికీ ఖాళీ సరిగ్గా ఆయన నిలబడిన చోటికి రావడం వల్ల మాత్రమే ఆయన మిగులుతాడు. గోడ నిజమైనదే, కెమెరా కనికట్టేమీ లేదు, ఆయన భుజాలకూ కిటికీ చట్రానికీ మధ్య ఎడం అంగుళాల్లోనే ఉంది. పాత ప్రింటులో అలుక్కుపోయిన బూడిదరంగు మరకలా కనిపించిన ఈ దృశ్యం ఇక్కడ ఎంత స్పష్టంగా ఉందంటే, గోడ కదలడం మొదలైన క్షణం నుంచి దుమ్ము లేచేదాకా ఆయన ముఖాన్నే చూస్తూ ఉండిపోవచ్చు.

ఏం జరిగినా నవ్వని ఆ ముఖం చిన్ననాటి నుంచి సాధించినది. 1895లో కాన్సస్ రాష్ట్రంలో పుట్టిన కీటన్‌ను తల్లిదండ్రులు పసితనంలోనే నాటక ప్రదర్శనల్లోకి దింపారు. తండ్రి విసిరేయడానికి వీలుగా పిల్లవాడి దుస్తులకు పెట్టె పిడి ఒకటి కుట్టేవారట. దెబ్బ తగలకుండా పడటమూ, తాను నవ్వితే జనం నవ్వరన్న సంగతీ అక్కడే నేర్చుకున్నాడు. 1917లో హాస్యనటుడు రోస్కో ఆర్బకుల్ బృందంలో చేరి, మూడేళ్లకే సొంతంగా సినిమాలు తీయడం మొదలుపెట్టాడు. ‘షెర్లాక్ జూనియర్’లో రైళ్ల నీటితొట్టి గొట్టం నుంచి దూకిన ధారకు పట్టాల మీద పడినప్పుడు ఆయన మెడ ఎముక విరిగింది, ఆ సంగతి బయటపడింది ఏళ్ల తర్వాత తీసిన ఎక్స్‌రేలో. ఆ దృశ్యం ఉన్నది ఉన్నట్టుగా సినిమాలోనే ఉంది, ఈ డిస్కులో నేను మూడుసార్లు వెనక్కి తిప్పి చూశాను.

సంగీతం సంగతి వేరు. కొత్తగా చేయించిన ఈ వాద్యగోష్ఠి ఆయన కింద పడిన ప్రతిసారీ ఒక ఢమఢమ జోడిస్తుంది, నవ్వాల్సిన చోటు మనకు తెలియదన్నట్టుగా. ‘ది జనరల్’లో కాలుతున్న వంతెన కూలి నిజమైన రైలింజను నదిలో పడే చోట కూడా తబలా మోతలాంటిదేదో వినిపించింది. వేరే ట్రాక్ ఎంచుకునే వీలు ఇవ్వలేదు.

వెంట ఇచ్చిన పుస్తకం మీదా నాకు ఫిర్యాదు ఉంది. 1928లో ఎమ్‌జీఎమ్‌ స్టూడియోలో చేరి స్వేచ్ఛ పోగొట్టుకోవడం, తాగుడు, 1933లో ఉద్యోగం ఊడటం, తర్వాత అదే సంస్థలో ఇతరుల సినిమాలకు హాస్యఘట్టాలు రాసిపెట్టడం, ఇవన్నీ రెండు వాక్యాల్లో ముగించి నేరుగా గౌరవ ఆస్కార్‌కు దూకారు. 1952లో చాప్లిన్ ‘లైమ్‌లైట్’లో ఇద్దరూ కలిసి కనిపించిన ఘట్టానికైనా ఒక పుట కేటాయించి ఉండవలసింది.

బొమ్మ కోసమైతే కొనండి, శబ్దం మాత్రం పూర్తిగా తగ్గించి చూడండి.