పెరట్లో వెదర్ స్టేషన్: ఆరేళ్ల వాడకం, ఒక మంచు తుఫాను

డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. 2019 అక్టోబరులో పెరట్లో స్తంభం పాతి ఈ స్టేషన్ బిగించాను. మామూలు రోజుల్లో దీనికి వంక పెట్టడానికి లేదు. ఉష్ణోగ్రత, తేమ, పీడనం నమ్మొచ్చు. దీని బలం, బలహీనత రెండూ తెలిసింది 2021 ఫిబ్రవరిలో మంచు తుఫాను వచ్చినప్పుడే.

మాది బాపట్ల. తుఫానొస్తే బారోమీటర్ పడిపోతుందన్నది చిన్నప్పటి నుంచి బుర్రలో నాటుకుపోయిన మాట. ఇక్కడ అంతా తలకిందులు. ఉత్తరం నుంచి దిగే చల్లగాలి బరువెక్కువ, అది కమ్ముకొచ్చేకొద్దీ పీడనం ఎక్కుతూనే పోయింది. ఆ గీత చూసే సరుకులు, నీళ్లు ముందే తెచ్చుకున్నాం.

11న వాన పడుతూనే గడ్డకట్టింది. ఆ పొద్దున ఫోర్ట్‌వర్త్‌లో వందకు పైగా వాహనాలు గుద్దుకుని ఆరుగురు చనిపోయారు. బయట చెట్లు ఊగుతుంటే నా స్క్రీన్ మీద గాలి వేగం 0! వెళ్లి చూస్తే గాలికి తిరిగే మూడు గిన్నెలకీ గాజులా మంచు పూత, వేలితో నెట్టినా కదల్లేదు. 14న మంచు కురిసినా వానమాపకం 0 దగ్గరే ఉండిపోయింది. మంచంతా గరాటులో పేరుకుని, ఆ వారం చివర్లో ఎండకి కరిగాక అప్పుడు 'వాన' అని లెక్కేసింది. వేడిచేసే ఏర్పాటు లేని ఏ స్టేషనైనా ఇంతే. మంచు కొలవాలంటే నాలుగంగుళాల మామూలు గొట్టం కొనుక్కోండి. గరాటు తీసేసి, పడిన మంచుని కరిగించి కొలవడమే.

15 అర్ధరాత్రి దాటాక కరెంటు పోయింది. లోపలి సెన్సర్ బ్యాటరీ మీద నడుస్తూ 68 ఫారెన్‌హీట్ (20 సెల్సియస్) నుంచి ఒక్కో అంకె దిగుతోంది. దుప్పట్లలోంచి మా ఆవిడ "ఇప్పుడెంతండీ?" అని అడుగుతూనే ఉంది. 44కి (సుమారు 7 సెల్సియస్) రాగానే మెయిన్ వాల్వ్ కట్టేసి, కుళాయిలన్నీ తిప్పి పైపులు ఖాళీ చేశాం. మా వీధిలో రెండిళ్లలో పైపులు పగిలాయి, మా ఇంట్లో పగల్లేదు. ఆ ఒక్క రాత్రికే దీనికి పెట్టిన డబ్బులు వచ్చేశాయనుకుంటాను.

కానీ 16 తెల్లవారుజామున బయటి యూనిట్ ఆగిపోయింది. సోలార్ పలక మీద మంచు, లోపల మామూలు ఆల్కలైన్ బ్యాటరీలు. చివరి రీడింగ్ 4 ఫారెన్‌హీట్, ఆ తర్వాత స్క్రీన్ మీద అంకెల బదులు అన్నీ గీతలే. ఆ పొద్దున డాలస్ విమానాశ్రయంలో మైనస్ 2, అంటే సుమారు మైనస్ 19 సెల్సియస్. మా పెరట్లో ఎంతో నాకెప్పటికీ తెలియదు. ఇన్నేళ్లు రాసుకున్న లెక్కలో ఆ గడి ఖాళీగా ఉండటం ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

గట్టి చలిలో ఆల్కలైన్ బ్యాటరీలు సరిగా పనిచేయవన్న సంగతి కంపెనీ ఇచ్చే పుస్తకంలో ఎక్కడో చివర చిన్న అక్షరాల్లో ఉంది, మొదటి పేజీలోనే రాయాల్సింది. ఇప్పుడు లిథియం బ్యాటరీలే వేస్తున్నాను, ఏటా నవంబరులో మారుస్తాను. 2022 డిసెంబరు 22న చల్లగాలి ఒక్కసారిగా దిగినప్పుడు ఒక్క రీడింగ్ కూడా పోలేదు.