21 రోజుల్లో ఎమర్జెన్సీ గ్రాంట్ ఇప్పిస్తామనేవాళ్లతో జాగ్రత్త: మా సంఘానికి 53,500 పోయింది

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల చిన్న సంఘాలు, ట్రస్టులు నడిపేవాళ్లు దయచేసి ఇది చివరిదాకా చదవండి. "వాన నష్టానికి 21 రోజుల్లో 25 లక్షల ఎమర్జెన్సీ గ్రాంట్, ప్యాకేజీ 38,500 మాత్రమే" అంటూ ఒక కన్సల్టెంట్ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్నాడు. మేము ఆ ప్యాకేజీ కొన్నాం. గ్రాంట్ రాలేదు. మొత్తం 53,500 రూపాయలు పోయాయి. మా సంఘం లాగిన్లు ఇంకా అతని చేతిలోనే ఉన్నాయి. పేరు రాయడం లేదు. రాసినా లాభం లేదు, మాకు చెప్పిన పేరు వేరు, బ్యాంకు ఖాతా మీద ఉన్న పేరు వేరు. మాటలు మాత్రం అందరికీ అవే చెబుతున్నాడు, వాటిని బట్టే గుర్తుపట్టాలి.

మా సంఘం పెద్దదేమీ కాదు. 2021 నవంబరు వరదలు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. అలిపిరి మెట్ల మీద నీళ్లు జలపాతంలా దూకాయి, స్వర్ణముఖి పొంగింది, రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని కింద ఊళ్లవాళ్లను ఖాళీ చేయించారు. అప్పుడు కొర్లగుంటలో మేము ఏడెనిమిది మందిమి కలిసి పులిహోర పొట్లాలు కట్టి పంచాం. అలా మొదలైంది. 2023లో సొసైటీగా రిజిస్టర్ చేయించుకున్నాం. అద్దె గదిలో సాయంత్రం పిల్లలకు ట్యూషన్, ఆదివారం రుయా ఆసుపత్రి దగ్గర రోగుల వెంట వచ్చినవాళ్లకు భోజనం, అంతే మా పని. అధ్యక్షుడు రైల్వే క్యారేజ్ రిపేర్ షాపులో పనిచేసి రిటైరైన పెద్దాయన. నేను కోశాధికారిని. పగలు ఒక బట్టల షాపులో లెక్కలు రాస్తాను. లెక్కలు రాసే మనిషిని కూడా ఇలా బోల్తా కొట్టించాడంటే ఎవరినైనా కొట్టించగలడు, అందుకే సిగ్గు పక్కన పెట్టి రాస్తున్నా.

నిరుడు దీపావళి దాటాక పడిన వానకు మా గదిలోకి మోకాలెత్తు నీళ్లు వచ్చాయి. పిల్లల నోటు పుస్తకాలు, రెండు బస్తాల బియ్యం, స్టవ్ బర్నర్లు అన్నీ పాడయ్యాయి. ఆ ఫొటోలు గ్రూపులో పెట్టాం. మర్నాడు పొద్దున్నే ఫోన్. మొదటి రోజు "మేడమ్" అన్నాడు, మూడో రోజుకి "అక్కా" అన్నాడు. "మీలాంటి వాళ్ల కోసమే గవర్నమెంట్ ఫండ్ ఉందక్కా, అడిగేవాళ్లు లేక వెనక్కి పోతోంది" అన్నాడు. ఈ మాట విన్నవాళ్లు ఎవరైనా ఆశపడతారు. మేమూ పడ్డాం.

ప్యాకేజీలో ఏముంది అంటే ఎన్జీఓ దర్పణ్ నంబరు (సంఘాల నమోదు నంబరు), ఆదాయపన్ను 12ఏ (సంఘం ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (మనకి విరాళం ఇచ్చేవాళ్లకి పన్ను మినహాయింపు), కంపెనీల నిధుల కోసం సీఎస్ఆర్-1 ఫారం, చివర్లో "గ్రాంట్ ఫైల్". దర్పణ్‌కి 6,500, 12ఏ, 80జీలకి 18,000, సీఎస్ఆర్-1కి 9,000, ఫైలుకి 5,000. ఫోన్‌పేలో రెండు విడతలుగా కట్టాం. అందులో 10,000 పెద్దాయన తన పెన్షన్‌లోంచి సర్దారు. ఆ మాట రాస్తుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టు ఉంటుంది.

తర్వాత తెలిసిన సంగతులు ఇవి. దర్పణ్ అనేది నీతి ఆయోగ్ నడిపే పోర్టల్, అందులో నమోదుకి పైసా ఫీజు లేదు. 12ఏ, 80జీలకి ఆదాయపన్ను శాఖ సైట్‌లోనే దరఖాస్తు నింపుతారు, దానికీ ప్రభుత్వ ఫీజు లేదు. సీఎస్ఆర్-1కీ లేదు, కాకపోతే దాన్ని ఒక సీఏనో కంపెనీ సెక్రటరీనో కాస్ట్ అకౌంటెంటో ధ్రువీకరించాలి. ఆ పనికి మీ ఊళ్లో సీఏ తన ఫీజు అడిగితే అది న్యాయమే, రశీదు ఇస్తాడు, ఆఫీసు ఉంటుంది, రేపు అడగడానికి మనిషి ఉంటాడు. ఇతను తీసుకున్నది మాత్రం "గవర్నమెంట్ చలానా" అని చెప్పి. చలానా కాపీ అడిగితే "సిస్టమ్‌లో ఉంటుందక్కా" అన్నాడు.

అన్యాయంగా మాట్లాడకూడదు, దర్పణ్ నంబరు, 12ఏ ఆర్డరు నిజంగానే వచ్చాయి. అందుకే నమ్మకం పెరిగింది. అసలు దెబ్బ కూడా అక్కడే ఉంది. రెండు చోట్లా ఈమెయిల్, మొబైల్ నంబరు అతనివే పెట్టుకున్నాడు. ఆన్‌లైన్ కాగితాల మీద సంతకానికి మా పేరు మీద తీసిన డిజిటల్ సంతకం టోకెన్ (పెన్‌డ్రైవ్ లాంటిది) కూడా "నా దగ్గరే ఉంటే పని తొందరగా అవుతుంది" అని ఉంచేసుకున్నాడు. పెద్దాయన ఆధార్ నంబరుకి వచ్చే ఓటీపీలు రాత్రి పదింటికి ఫోన్ చేసి చెప్పించుకునేవాడు. అంటే ఆ టోకెన్‌తో పెద్దాయన సంతకం చేసినట్టే ఎక్కడైనా ఏ కాగితమైనా దాఖలు చేయొచ్చు. ఇది డబ్బు పోయినదాని కంటే పెద్ద టెన్షన్.

నెల తిరిగేసరికి "ఫైలు ఓకే అయింది, ప్రాసెసింగ్ 15,000 కడితే శాంక్షన్ లెటర్ వస్తుంది" అన్నాడు. కట్టాం. లెటర్ వాట్సాప్‌లో ఫొటోగా వచ్చింది. పైన నాలుగు సింహాల బొమ్మ, "విపత్తు అత్యవసర గ్రాంట్" అని శీర్షిక, కింద గుండ్రటి స్టాంపు, 25,00,000 అంకె మాత్రం బోల్డుగా. ఆ రోజు సాయంత్రం పిల్లలకి మైసూర్‌పాక్ పంచాం. ఆ ఖర్చు ఎవరి ఖాతాలో రాయాలో నాకు ఇంకా తేలలేదు.

రెండు రోజులకి అసలు బేరం బయటపడింది. 25 లక్షలు మా ఖాతాలో పడగానే 30 శాతం, అంటే ఏడున్నర లక్షలు, నగదుగా అతను చెప్పిన మనిషికి ఇవ్వాలట. నమ్మకం కోసం ముందుగా 2 లక్షలు డిపాజిట్ పెట్టాలట. "పై వాళ్లకి ఇవ్వాలక్కా, అందరూ ఇలాగే చేస్తారు" అన్నాడు.

ఆదివారం మీటింగులో గొడవే జరిగింది. ఒక సభ్యుడు "ఏడున్నర పోయినా పదిహేడున్నర మిగులుతుంది కదా, సొంత గది కట్టుకోవచ్చు" అన్నాడు. అతన్ని తప్పు పట్టను, మూడేళ్లుగా తన ఆటోలో అన్నం గుండిగలు మోస్తున్న మనిషి. పెద్దాయన మాత్రం "ఏడున్నర లక్షలు ఏ ఖర్చు కింద రాస్తావమ్మా?" అని నన్ను అడిగారు. నా దగ్గర జవాబు లేదు. దొంగ బిల్లు పెట్టాలి, ఇంకో దారి లేదు. ఆ బిల్లు మీద సంతకాలు మావే ఉంటాయి, అతనిది ఎక్కడా ఉండదు. రేపు ఆదాయపన్నువాళ్లు అడిగితే 12ఏ రద్దవుతుంది, ఆ డబ్బు నిజంగా ఎవరిదో తెలియకపోతే కేసు మా మెడకి చుట్టుకుంటుంది. నిజంగా డబ్బు వేసి నగదు వెనక్కి తీసుకునేవాళ్లు కూడా ఉన్నారని తర్వాత విన్నాను. వాళ్లకి కావలసింది నల్లడబ్బు తెల్లగా మార్చే సంఘం. మా దగ్గరికి వచ్చినవాడు ఆ రకమా, 2 లక్షలు పట్టుకుని పోయే రకమా అన్నది తేల్చుకోవాలనిపించలేదు.

అప్పుడు మా సభ్యురాలి కూతురికి కాగితాలన్నీ పంపాం. చెన్నైలో సీఏ ఆర్టికల్‌షిప్ చేస్తోంది ఆ పిల్ల. అరగంటలో ఫోన్ చేసింది. మా "గ్రాంట్ ఫైలు"లో ఒక ఆడిట్ రిపోర్టు ఉంది, దాని మీద సీఏ సంతకం, యూడీఐఎన్ నంబరు (సీఏ సంతకం చేసే ప్రతి రిపోర్టుకీ విడిగా ఉండే గుర్తింపు నంబరు) ఉన్నాయి. ఆ 18 అక్షరాల నంబరును సీఏల సంస్థ సైట్‌లో ఎవరైనా కొట్టి చూసుకోవచ్చట. కొట్టి చూస్తే అలాంటి నంబరే లేదు. మేము ఎప్పుడూ ఆ ఆడిట్ చేయించుకోలేదు మరి, ఎలా ఉంటుంది!

ఆ పిల్ల ఇంకో మాట చెప్పింది. ఒక స్థాయి దాటిన పెద్ద కంపెనీలు తమ మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలన్న చట్టం నిజమే. కానీ ఆ డబ్బు బయటి సంఘం ద్వారా ఖర్చు పెట్టాలంటే ఆ సంఘానికి 12ఏ, 80జీలతో పాటు అలాంటి పనిలో కనీసం మూడేళ్ల అనుభవం ఉండాలి, కంపెనీలు దానికి లెక్కలు చూపించమంటాయి. మాది రిజిస్టరై అప్పటికి మూడేళ్లు నిండలేదు, ఆడిట్ చేసిన లెక్కలూ లేవు. అతను మొదటి రోజే మా రిజిస్ట్రేషన్ కాపీ చూశాడు. తెలిసే 9,000 తీసుకున్నాడు.

మధ్యలో "ఫారిన్ ఫండ్ కూడా ట్రై చేద్దాం, డాలర్లు డైరెక్టుగా మీ ఖాతాలోకే" అని కూడా ఊరించాడు. విదేశీ విరాళం తీసుకోవాలంటే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ కావాలి. రిజిస్ట్రేషన్‌కి సంఘానికి మూడేళ్ల వయసు, ఆ మూడేళ్లలో అసలు పని మీద 15 లక్షల ఖర్చు చూపించాలి. డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో తెరిచిన ప్రత్యేక ఖాతాలోకే రావాలి. తిరుపతిలో మన మామూలు సేవింగ్స్ ఖాతాలోకి డాలర్లు రావడం అనేది లేదు.

శాంక్షన్ లెటర్ ప్రింటు తీసుకుని సోమవారం తిరుచానూరు దగ్గర కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికకి వెళ్లాం. అక్కడి ఉద్యోగి లెటర్ తిప్పి తిప్పి చూసి, కింద ఉన్న జీమెయిల్ అడ్రసు మీద వేలు పెట్టి "ఇది చదివారా అమ్మా?" అన్నాడు. చదవలేదు. అంకె చదివాం. రాష్ట్ర విపత్తు నిధిలో కేంద్రం వాటా 75 శాతం, రాష్ట్రం వాటా 25 శాతం ఉంటాయని, అది బాధితుల సహాయానికి ప్రభుత్వ యంత్రాంగం ద్వారా ఖర్చయ్యేదని, సంఘాలకి ఇలా లెటర్లు ఇచ్చి పంచేది కాదని ఓపిగ్గా చెప్పాడు. ముఖ్యమంత్రి సహాయ నిధికి కూడా వైద్యం బిల్లులతో దరఖాస్తు పెట్టుకునేది రోగులు, సంఘాలు కాదు.

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాం, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదైంది. కానీ అప్పటికి మొదటి చెల్లింపు జరిగి రెండు నెలలు దాటింది, ఆ ఖాతాలో ఏమీ మిగల్లేదు. మీకు ఇలా జరిగితే ఆ గంటలోనే 1930కి చేయండి, డబ్బు ఖాతా దాటకముందే ఆపడానికి వీలుంటుంది. మేము పరువు గురించి ఆలోచిస్తూ వారం కూర్చున్నాం. అది మా తప్పు. వినియోగదారుల కమిషన్‌కి కూడా రాస్తున్నాం, 5 లక్షల లోపు వ్యవహారానికి అక్కడ ఫీజు లేదు. వాట్సాప్ మెసేజీలు, ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు అన్నీ ప్రింటు తీసి పెట్టుకున్నాం. అతను రాత్రికి రాత్రే సగం మెసేజీలు డిలీట్ చేశాడు, అదృష్టం కొద్దీ మా ఆటో సభ్యుడు ముందే ఫొటోలు తీసి ఉంచాడు.

ఎవరైనా మీ దగ్గరికి వస్తే నేను అడగమనేది ఒకటే. ఈమెయిల్, మొబైల్, డిజిటల్ టోకెన్ మా సంఘం చేతిలోనే ఉంటాయి, ఓటీపీ చెప్పం, ఒప్పుకుంటారా అని అడగండి. నిజంగా పనిచేసే మనిషి సరే అంటాడు. మా వాడైతే ఆ మాటకే ఫోన్ పెట్టేసేవాడు. గ్రాంటు ఇచ్చే సంస్థ ఏదైనా మన లెక్కలు అడుగుతుంది, మనిషిని పంపి చూస్తుంది, నెలలు పడుతుంది, విసుగొస్తుంది. ముందు మన దగ్గర డబ్బు మాత్రం అడగదు.

మా గది సంగతి అంటారా, గాంధీ రోడ్డులో ఒక బియ్యం వ్యాపారి నాలుగు బస్తాలు ఇచ్చాడు. ట్యూషన్ పిల్లల తల్లిదండ్రులు తలా కొంత వేసుకుని నోటు పుస్తకాలు కొన్నారు. బర్నర్లు మా సభ్యుడే బాగుచేశాడు. మొత్తం నష్టం లెక్కేస్తే 41,000. అతనికి మేము ఇచ్చింది 53,500.

దర్పణ్‌లో ఈమెయిల్, మొబైల్ మార్పు కోసం సంఘం తీర్మానంతో రాశాం, ఇంకా జవాబు రాలేదు. పాత డిజిటల్ సంతకం రద్దు చేయించాం. నిన్న చిత్తూరు నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. వాళ్ల వృద్ధాశ్రమానికి "పైకప్పు రిపేరుకి ఎమర్జెన్సీ గ్రాంట్, 21 రోజులు" అని మెసేజ్ వచ్చిందట. ప్యాకేజీ ఇప్పుడు 42,000 చేశాడు. ఆవిడ ఇంకా కట్టలేదు.