వెయిట్‌లిస్ట్ ఛాన్స్ ఎంతో చెప్తామనే సైటు: 49 డాలర్లు కట్టే ముందు ఇది చదవండి

ఐదుకి రెండు స్టార్లు ఇస్తున్నాను. అవి కూడా ఆ సైటు గొప్పగా చెప్పుకునే పనికి కాదు, పక్కన ఉచితంగా పడేసిన ఇంకో పనికి.

అమెరికాలో పన్నెండో క్లాసు పిల్లలున్న ఇళ్లలో, కాలేజీల నిర్ణయాలొచ్చే మార్చి నెలాఖరు ఎలా ఉంటుందో తెలిసిందే. మా అమ్మాయికి అన్నిటికంటే ఇష్టమైన కాలేజీ నుంచి అడ్మిట్ కాదు, రిజెక్ట్ కాదు, వెయిట్‌లిస్ట్ అని వచ్చింది. ఆ రోజు నుంచి చుట్టాలు, స్నేహితులు, ఆఫీసులో పక్క సీటాయన, అందరిదీ ఒకటే ప్రశ్న: ఛాన్స్ ఎంతుందంటారు? ఈ ప్రశ్న మీదే వ్యాపారం చేసే సైట్లు బోలెడున్నాయి, వాటిలో ఒకదానికి డబ్బు కట్టాం. పేరు రాయడం లేదు. మార్కులు, స్కోర్లు ఎక్కిస్తే శాతం చెప్పే సైటు ఏదైనా మీరు చూస్తుంటే ఇది దానికీ పనికొస్తుంది.

డబ్బు కట్టగానే ఒక ఫారమ్ వస్తుంది. జీపీఏ (స్కూల్ మార్కుల సగటు), శాట్ పరీక్ష స్కోరు, ఏ రాష్ట్రం, ఏ మేజర్ (ప్రధానంగా చదవాలనుకునే సబ్జెక్టు), క్యాంపస్ చూసొచ్చారా, మీ దగ్గరే చేరాలనుందని కాలేజీకి ఉత్తరం రాశారా. అన్నీ నింపి బటన్ నొక్కితే కారు స్పీడోమీటర్‌లాంటి బొమ్మలో ముల్లు గిర్రున తిరిగి ఒకచోట ఆగుతుంది. మాకు 38.6 దగ్గర ఆగింది. ఆ పాయింటు ఆరు చూడగానే నాకు అనుమానం మొదలైంది, ఎందుకంటే ఈ ఏడాది ఎన్ని సీట్లు మిగులుతాయో ఆ కాలేజీకే ఇంకా తెలీదు, వీళ్లు మాత్రం దశాంశం దాకా వెళ్లిపోయారు.

మా అమ్మాయి నాకంటే తెలివైంది. ఊరికే కూర్చోకుండా ఫారమ్‌లో ఒక్కో గడి మార్చి చూసింది. కంప్యూటర్ సైన్స్ తీసేసి చరిత్ర అని పెడితే ముల్లు అంగుళం కదల్లేదు. "ఉత్తరం రాశారా" దగ్గర అవును అని పెడితే మాత్రం నాలుగు శాతం పెరిగింది. "నాన్నా, ఈ కాలేజీ ఉత్తరాలు పంపొద్దని పోర్టల్‌లోనే రాసింది కదా, మరి వీళ్లు పెంచుతున్నారేంటి?" అంది. నా దగ్గర సమాధానం లేదు. సైటువాళ్ల చాట్‌లో అడిగితే మా మోడల్ ఎన్నో అంశాలు పరిగణిస్తుంది సార్ అని ఒక ముక్క అతికించి వెళ్లిపోయారు.

అసలు చిక్కు ఎక్కడుందంటే, వెయిట్‌లిస్ట్ అనగానే మన బుర్రలో రైల్వే వెయిటింగ్ లిస్టు తిరుగుతుంది. పద్నాలుగో నంబరు, ఇద్దరు క్యాన్సిల్ చేస్తే పన్నెండు, చార్ట్ వేసేలోపు బెర్త్ వచ్చేస్తుందేమో అని. ఇక్కడ చాలా కాలేజీల్లో నంబరే ఉండదు. మే 1 నాటికి అడ్మిట్ అయినవాళ్లలో ఎంతమంది చేరతామని డిపాజిట్ కట్టారో చూసుకుంటారు. అనుకున్నదానికంటే తగ్గితే, ఏ విభాగంలో తగ్గిందో చూసి దానికి సరిపడేవాళ్లను లిస్టులోంచి పిలుస్తారు. ఇంజనీరింగ్‌లో ఖాళీలుంటే చరిత్ర చదవాలనుకున్న పిల్లకి ఎంత మంచి మార్కులున్నా ఆ ఫోన్ రాదు. అంటే మేజర్ మార్చినా కదలని ముల్లు అసలు సంగతి చూడటమే లేదన్నమాట. ఇంకోటి, మొదటి రౌండ్‌లో ఆర్థిక సాయం అడిగారా లేదా అని చూడని కాలేజీల్లో కూడా కొన్ని వెయిట్‌లిస్ట్ దగ్గరికొచ్చేసరికి అది చూస్తాయి. ఫారమ్‌లో ఆ ప్రశ్నే లేదు!

ఇప్పుడు ఆ రెండు స్టార్ల సంగతి. శాతం కింద, ఎవరూ స్క్రోల్ చేయని చోట, ఆ కాలేజీ కామన్ డేటా సెట్‌లోని (కాలేజీలు తమ అడ్మిషన్ల లెక్కలు ఒకే నమూనాలో ఏటా బయటపెట్టే పత్రం) పాత అంకెలు పట్టికలో పెట్టారు. ఇది అసలైన సరుకు, పైగా దీనికి డబ్బక్కర్లేదు. కాలేజీ పేరు, పక్కన కామన్ డేటా సెట్ అని కొట్టి వెతికితే చాలా కాలేజీలవి దొరుకుతాయి. అందులో సీ2 అనే భాగానికి వెళ్లండి. వెయిట్‌లిస్ట్‌లో చోటు ఎంతమందికి ఇచ్చారు, వాళ్లలో ఎంతమంది ఉంటామన్నారు, చివరికి ఎంతమందిని తీసుకున్నారు, మూడంకెలుంటాయి. మీ లిస్టుకు ర్యాంకులున్నాయా, ఉంటే పిల్లలకు చెప్తారా అన్న ప్రశ్న కూడా అక్కడే ఉంటుంది. కొన్ని పేరున్న కాలేజీలు ఆ గడులు ఖాళీగా వదిలేస్తాయి, అది వేరే బాధ.

ఈ అంకెలు వరసగా నాలుగైదేళ్లవి పక్కపక్కన పెట్టుకుంటే శాతం చెప్పేవాళ్ల బండారం బయటపడుతుంది. స్టాన్‌ఫోర్డ్‌నే తీసుకోండి. 2019లో లిస్టులో ఉంటామన్న 547 మందిలో 8 మందిని తీసుకున్నారు. 2020లో కోవిడ్ వల్ల ఎవరొస్తారో ఎవరు రారో తెలియని పరిస్థితి, ఆ ఏడాది 707 మందిలో 259 మందిని తీసుకున్నారు. ఒక ఏడాది నూటికి ఇద్దరు కూడా లేరు, మరుసటి ఏడాది నూటికి ముప్పై ఆరుకు పైనే. రెండూ కలిపి సగటు తీస్తే 21 శాతం వస్తుంది, అది ఏ ఏడాదికీ వర్తించదు. దేశం మొత్తానికి చూసినా ఇంతే, అడ్మిషన్ కౌన్సెలర్ల సంఘం నాకాక్ 2019 నివేదికలో లిస్టులో ఉన్నవాళ్లలో సగటున 20 శాతం మందికి సీటొచ్చిందని, అదే దరఖాస్తుల్లో సగంకంటే తక్కువమందిని తీసుకునే కాలేజీల్లో 7 శాతమేనని ఉంది. మీ పిల్లలు ఏ రకం కాలేజీ కోసం ఎదురుచూస్తున్నారో దాన్నిబట్టి ఏ అంకె చూడాలో మారిపోతుంది.

ఇంకో మంచి విషయం కూడా చెప్పాలి, గడువు తేదీల రిమైండర్లు బాగా పనిచేశాయి. లిస్టులో ఉంటామని పోర్టల్‌లో నొక్కకపోతే చాలాచోట్ల మన పేరు అసలు లిస్టులోకే ఎక్కదు, ఆ తేదీ దాటిపోయి తలపట్టుకున్నవాళ్లు నాకు తెలుసు. ఆ ఒక్క పని మాత్రం ఈమెయిల్, మెసేజ్ రెండూ పంపి గుర్తుచేశారు. ఫోన్ క్యాలెండర్ కూడా అదే పని చేస్తుందనుకోండి.

రిపోర్టులో అస్సలు లేనిది, నా దృష్టిలో మొదటి పేజీలో పెద్దక్షరాల్లో ఉండాల్సింది, మే 1 లోపు వేరే కాలేజీకి డిపాజిట్ కట్టేయమని. వెయిట్‌లిస్ట్ వస్తుందని నమ్మి అది కట్టకపోతే ఆగస్టులో పిల్ల ఇంట్లో కూర్చోవాలి. తర్వాత వెయిట్‌లిస్ట్ నుంచి పిలుపొస్తే ఆ డిపాజిట్ సాధారణంగా వెనక్కి రాదు, దాన్ని ఇన్సూరెన్స్ అనుకోవాల్సిందే. పిలుపు వస్తే ఆలోచించుకోడానికి పెద్దగా టైమివ్వరు, రెండు మూడు రోజుల్లో చెప్పమనేవాళ్లూ ఉన్నారు. అందుకని ఎంత ఫీజు భరించగలమో, హాస్టల్ దొరక్కపోతే ఏంటో ముందే ఇంట్లో మాట్లాడుకుని ఉంచుకోవాలి. మేము ఏప్రిల్‌లోనే కూర్చుని ఎంతవరకు కట్టగలమో మా అమ్మాయికి చెప్పేశాం. ముల్లు చూసి నిద్ర పాడుచేసుకోవడం కంటే ఆ గంట ఎక్కువ పనికొచ్చింది.

కాలేజీ ఉత్తరం రాయమంటే మాత్రం రాయండి, ఒక్కటే, పేజీ దాటకుండా, జనవరి తర్వాత కొత్తగా ఏం చేశారో, సీటిస్తే తప్పకుండా చేరతారో లేదో రాస్తే చాలు. ఆ సైటు ఇంకో 30 డాలర్లకు అమ్మే ఉత్తరం నమూనా చూశాను, ఎవరి పేరు పెట్టినా సరిపోయేలా ఉంది. అడ్మిషన్ ఆఫీసువాళ్లు అలాంటివి రోజూ ఎన్ని చదువుతారో మీరే ఊహించుకోండి.

జూన్‌లో కాలేజీ నుంచి ఈ ఏడాది లిస్టు మూసేశాం అని మెయిల్ వచ్చింది. మా అమ్మాయి ఓ పూట ముభావంగా ఉండి, డిపాజిట్ కట్టిన కాలేజీవాళ్ల రూమ్మేట్ ఫారమ్ నింపడం మొదలుపెట్టింది. నేను అకౌంట్ తీసేద్దామని సైటు తెరిస్తే ముల్లు ఇంకా 38.6 మీదే ఉంది, కింద "తాజా అంచనా కోసం ప్లాన్ పొడిగించండి" అని పచ్చ బటన్. రిఫండ్ అడిగాను. రిపోర్ట్ ఒకసారి తెరిస్తే డబ్బు వెనక్కివ్వమని నిబంధనల్లో ఉందట.